టోపీ పెట్టుకున్న గోడ

హా సెఖోబే, మాఫెతెంగ్ జిల్లా, లెసోతో
4 సెప్టెంబరు 1983

ప్రియమైన నాన్నా,

నువ్వు పంపిన దుప్పటి చేరింది. బస్సు డ్రైవరు దాన్ని భుజాన వేసుకునే ఊళ్ళోకి వచ్చాడు. "మీ తమ్ముడు నాకే పంపాడనుకున్నా పెద్దమ్మా" అని మేనత్తతో పరాచికం. "నీకు చలేస్తే పెళ్ళి చేసుకో" అని మేనత్త దాన్ని వాడి మీంచి లాగేసింది. ఆ మక్కజొన్న పొత్తుల నేత ఎంత బాగుందో నాన్నా! రాత్రి కప్పుకుని పడుకుంటే నువ్వు పక్క గదిలో గురక పెడుతున్నట్టే ధైర్యంగా ఉంటోంది. చాలా చాలా సంతోషం.

బడి ఎలా ఉందని అడిగావు. రెండు మట్టిగదులు, బోలెడు మంది పిల్లలు, ఒక నల్లబల్ల. చర్చి మిషన్ వాళ్ళు ఒక రంగుల పెట్టె పంపారు గానీ దాన్ని ఎలుకలు తినేశాయి. ముందు ఎర్ర రంగు అయిపోయింది, ఆకుపచ్చ మాత్రం ముట్టుకోలేదు. మా ఎలుకలకి కూడా ఆకుకూర పడదన్నమాట.

ఒకరోజు "మీ ఇల్లు గీయండి" అన్నాను. అందరూ పలకల మీద పొగగొట్టం ఉన్న ఇల్లు, పక్కన ఆపిల్ చెట్టు గీశారు. వాళ్ళ పుస్తకంలో ఉన్న ఇల్లు అదే. "ఈ ఇంట్లో ఎవరుంటారు?" అంటే ఎవరికీ తెలియదు. నాకు ఏడుపొచ్చింది నాన్నా. సొంత ఇంటి తలుపు ఎటువైపు ఉందో గీయడం రాని పిల్లకి నేను ఏ చదువు చెప్పాలి?

మర్నాడు పలకలు పక్కన పెట్టించి అందర్నీ బయటికి తోలాను. మీ ఇంటి చుట్టూ ఏ రంగు దొరికితే అది తెమ్మన్నాను. వాగు గట్టు నుంచి జేగురుమన్ను, ఊటబావి దగ్గర తెల్లసుద్ద, కుండ అడుగున మసి, ఎక్కడో పసుపు మన్ను కూడా పట్టుకొచ్చారు. పేడకి కరువా! ఇప్పుడు మగపిల్లలు మట్టితో ఎడ్లు చేస్తున్నారు, పాత తీగతో కార్లు చేస్తున్నారు. ఎద్దు ఎవరిదో కొమ్ములు చూసి చెప్పేయొచ్చు. ఆడపిల్లలు, ఇంకా సిగ్గుపడని మగపిల్లలు బడి గోడలకి పేడమట్టి అలికి, తడి ఆరకముందే వేళ్ళతో చాళ్ళు దున్నుతున్నారు. మన ఆడవాళ్ళు ఇంటి గోడల మీద చేసే లితేమాయే, కాకపోతే బడి గోడ మీద. క్రిస్మస్‌లోపు నాలుగు వైపులా పూర్తి చేయాలని మా పట్టుదల.

"పేడ పిసకడానికి బడెందుకు, మా ఇంట్లో లేదా?" అని ఒక తల్లి వచ్చి గొడవ పెట్టుకుంది. "ఉంది కదమ్మా, మరి మీ అమ్మాయికి ఎందుకు రాదు?" అన్నాను. ఆవిడ నన్నోసారి చూసి దుప్పటి నడుముకి చుట్టి పేడలో చెయ్యి పెట్టింది. ఇప్పుడు వారానికోసారి వస్తుంది.

అసలు సంగతి ఇది. కెనేవె అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ముసలి అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. ఎడమచేతివాటం. దాని చాళ్ళు అందరిలా కుడికి వాలవు. పాత టీచరు దాని వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడట. దాన్ని చూస్తే నాకు అమ్మే గుర్తొస్తోంది. అమ్మ చివరిసారి అలికిన గోడని పిల్లలకి ఓసారి చూపించనా? వాన తగలకుండా నువ్వు కట్టిన రేకు అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

మేనత్త నీకు దీవెనలు చెప్పమంది, తనకి నాలుగు చెంచాల చక్కెర టీ తాగాలని ఉందని కూడా చెప్పమంది.

నీ కూతురు,
పుసెలెత్సో


వెల్కమ్ పట్టణం, బంగారు గని వసతిగృహం
18 సెప్టెంబరు

నా చిట్టితల్లి పుసేకి,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. నా పక్క మంచం మొయెకెత్సి పడీపడీ నవ్వి ఏమన్నాడో తెలుసా? "అన్నా, దాన్ని చదివించడానికి నువ్వు భూమిలోకి దిగావు. అది చదువుకుని పేడలోకి దిగింది." వాడి నోట్లో మన్ను పడ, మాట మాత్రం బాగా కుదిరింది. నేనూ నవ్వాను. టీచరు కాలేజీలో ఇన్నేళ్ళు చదివి చివరికి అలుకుడు పనా అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, దాచడం ఎందుకు. మళ్ళీ పొగగొట్టం ఇంటి సంగతి చదివాక నువ్వు చేసిందే సరి అనిపించింది. నేనిక్కడ ఏళ్ళ తరబడి పొగగొట్టాలున్న తెల్లవాళ్ళ ఇళ్ళు చూస్తున్నాను. ఒక్కదాంట్లోకీ ఎవరూ రమ్మనలేదు.

ఎడమచేతి పిల్ల గురించి రాశావు. మీ అమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అమ్మ మొదటిరోజే అంది: "ఎడమచేత్తో అలికిన గోడ నిలవదు." మీ అమ్మ తలవంచుకుని పని చేసుకుపోయింది. ఆ క్రిస్మస్‌కి పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు మన గోడ చూడ్డానికి వచ్చారు. జొన్నకంకులు అందరూ వేస్తారు, అందరి కంకులూ కుడికే వాలతాయి. మీ అమ్మవి ఎడమకి వాలి, గాలి అటునుంచి వీస్తున్నట్టు ఉండేవి. కాపీ కొట్టాలని ఎంతమంది చూశారో! ఒక్కరికీ మణికట్టు తిరగలేదు. మా అమ్మ వాళ్ళందరికీ తనే నేర్పినట్టు టీలు పోసింది.

గోడ చూపించు. చేతులు వెనక్కి కట్టుకుని చూడమను. ఒక్క వేలు తగలకూడదు. రేకు తీగలు నాలుగూ బిగువుగా ఉన్నాయో లేదో నువ్వే చూడు, మీ మేనత్త కళ్ళని నమ్మకు.

మీ అమ్మ పోయిన ఏడు నాకు తంతి అందేసరికి నేను భూమి కింద ఉన్నాను. పైకి వచ్చి, బస్సు పట్టుకుని, ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వచ్చేసరికి మీ అమ్మ లేదు, గోడ ఉంది. వాన మబ్బు పట్టి ఉంది. ఎవరి రేకో అడిగి తెచ్చి కట్టేశాను. అది నీకు తెలిసిందే. ఎందుకో మళ్ళీ రాశాను.

దుప్పటి వెచ్చగా ఉన్నందుకు సంతోషం.

ఎప్పుడూ నీ మంచి కోరే
నాన్న


హా సెఖోబే
23 అక్టోబరు

ప్రియమైన నాన్నా,

నువ్వు చెప్పినట్టే చేతులు వెనక్కి కట్టించి తీసుకొచ్చాను. అందరూ దొంగల ముఠాలా వరసగా నిలబడ్డారు. మేనత్త కట్టె పట్టుకుని కాపలా. రేకు కింద చీకటిగా ఉంటుంది కదా, కాసేపటికి కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కొక్కరికీ కంకులు కనిపించాయి. అందరూ మెడలు సాచి చూశారు. కెనేవె మాత్రం వెనక్కి కట్టుకున్న చేతులతోనే గాలిలో ఏదో గీస్తోంది. నేను దాని వెనక నిలబడి ఆ వేళ్ళు చూశాను నాన్నా. ఎడమకి తిరుగుతున్నాయి.

మర్నాడు బడిలో అందరూ ప్రయత్నించారు. నేనూ ప్రయత్నించాను, ఎప్పట్లాగే నా కంకి తాగుబోతులా ఒరిగింది. పిల్లలు నవ్వారు. కెనేవె మాత్రం రోజూ బడి అయ్యాక మన ఇంటికొచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని గోడని చూసి పోతోంది. బడి తలుపు పక్క గోడ దానికే వదిలేశాను.

ఇక మనసులో ఉన్నది రాస్తాను, కోపం తెచ్చుకోకు. వాన లేదు. ఈపాటికి దుక్కులు అయిపోవాలి. ఎడ్లు నాగలి లాగలేక నిలబడిపోతున్నాయి. ఊటబావి దగ్గర బిందెలు తెల్లారకముందే బారులు తీరుతున్నాయి. మట్టి కలపడానికి పిల్లలు ఇంటి దగ్గర మొహం కడుక్కున్న నీళ్ళు డబ్బాల్లో తెస్తున్నారు.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఊరిపెద్ద భార్య నలుగుర్ని వెంటేసుకుని మనింటికి వచ్చింది. "చూడమ్మా టీచరమ్మా, మనం ఏటా గోడలు దున్నేది దేనికి? పోయిన పెద్దలు చూసి, బాగుందనుకుని, వాన పంపి కడుక్కుపోతారనే కదా! మీ అమ్మ గోడ నాలుగేళ్ళుగా టోపీ పెట్టుకుని కూర్చుంది. ఇవ్వను పో అంటోంది. మనం దాచుకుంటే వాళ్ళిస్తారా?" అంది.

మేనత్త ఊరుకుంటుందా! "మొన్న మీ ఆయన టోపీ తియ్యకుండానే చర్చిలోకొచ్చాడు. వాన దానివల్ల ఆగిందేమో ముందది కనుక్కో" అంది. అందరూ నవ్వారు, ఊరిపెద్ద భార్య కూడా. కానీ వెళ్ళేటప్పుడు ఒక ముసలమ్మ నా చేతిలో గుప్పెడు గుమ్మడి గింజలు పెట్టింది. "నాటుదామని దాచుకున్నానే తల్లీ. నా నేలలో తడి లేదు. మీ నేల తడిస్తే నువ్వే నాటు" అంది. ఆ గింజలు ఎలుకలకి అందకుండా డబ్బాలో వేసి దాచాను.

ఇద్దరు తల్లులు పిల్లల్ని బడి మాన్పించారు. "టీచరు సొంత గోడే వానని ఆపుతుంటే బడి గోడలు దున్ని ఏం లాభం?" అన్నారట. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ మాన్పిస్తే ఈ గోడల పని ఆగిపోతుంది, మళ్ళీ పొగగొట్టం ఇళ్ళే.

వానలు సముద్రం మీంచి వస్తాయని నాకు కాలేజీలో చెప్పారు. ఆ సంగతి అలా ఉంచు. నేను రోజూ పిల్లలకి ఏం చెబుతున్నాను? అందంగా చేయండి, వానకి ఇచ్చేయండి, మళ్ళీ చేయండి అంటున్నాను. ఇంటి దగ్గర నేనే దాచుకుని కూర్చుంటే ఏ మొహంతో చెప్పను? మొన్న కెనేవె అడిగింది: "టీచర్, మీ అమ్మకి దాహం వెయ్యదా?"

నాన్నా, రేకు తీసేయనా? నువ్వు ఊఁ అంటేనే.

నీ కూతురు,
పుసెలెత్సో


వెల్కమ్
2 నవంబరు

పుసెలెత్సోకి,

రేకు తీయొద్దు.

వాన కావాలంటే ఊరంతా గోడలున్నాయి. వాటిని అడగమను. ఒక గోడకి రేకు కట్టినంత మాత్రాన ఆగిపోయే వానైతే అది వానే కాదని ఊరిపెద్ద భార్యకి నా మాటగా చెప్పు.

ఇక్కడ గదికి పన్నెండు మందిమి. దీపం ఆర్పాక నేను కళ్ళు మూసుకుని ఆ గోడ వెంట నడుస్తాను. ఏ కంకి పక్కన ఏది ఉందో, ఎక్కడ మీ అమ్మ వేలు జారిందో నాకు తెలుసు. అది కూడా పోతే నేను క్రిస్మస్‌కి ఏ ఇంటికి రావాలి?

నువ్వు దాన్ని తీశావంటే నేను రాను. ఇంక ఈ సంగతి రాయకు.

నాన్న


హా సెఖోబే
9 నవంబరు

గౌరవనీయులైన నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది. రేకు ముట్టుకోను. తీగలు నాలుగూ బిగువుగానే ఉన్నాయి.

ఈ శుక్రవారం పిల్లల్ని తీసుకుని మాఫెతెంగ్ వెళ్తున్నాను. మిషన్ బడులన్నీ కలిసి పిల్లల చేతిపనులు ప్రదర్శనకి పెడుతున్నాయి. మట్టి ఎడ్లు, తీగ కార్లు, గడ్డి టోపీలు పట్టుకెళ్తాం. ఆదివారం సాయంత్రం తిరిగి వస్తాం. కెనేవె అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదు, అందుకని అది రావడం లేదు. తలుపు పక్క గోడ పూర్తి చేసుకుంటానంది.

మీ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. మేనత్త బాగానే ఉంది.

ఇట్లు,
మీ పుసెలెత్సో


హా సెఖోబే
30 నవంబరు

నాన్నా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు చింపేశాను. నువ్వు కూర్చుని చదువు.

వాన వచ్చింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం. కొండ వెనక నల్లగా లేచి, మనం తలెత్తేలోపు మీద పడింది. ముందు గాలి. అందరం బడి దగ్గరే ఉన్నాం, క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నాం. పిల్లలు "పూలా! పూలా!" అని వాన పేరు కేకలు పెడుతూ బయటికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. నా చెప్పులు ఎటు పోయాయో ఇప్పటికీ దొరకలేదు.

బడి గోడలు నాలుగు వైపులా కరిగిపోయాయి నాన్నా. ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు అన్నీ కలిసి వాకిట్లో పారాయి. పిల్లలు ఆ రంగునీళ్ళలో దొర్లారు. తలుపు పక్క గోడ ముందు కెనేవె ఒక్కతే నిలబడింది. దాని కంకులు ఎంత బాగా వచ్చాయో నీకు చెప్పలేను. అచ్చం అమ్మవే. అవన్నీ దాని కళ్ళముందే జారిపోతున్నాయి. ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. "టీచర్, తీసుకున్నారు!" అంది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి పరుగెత్తాను.

రేకు గోడ మీద లేదు. కోళ్ళ దడి దాటి అవతల పడి ఉంది. గోడ మీద ఏమీ మిగల్లేదు. అమ్మ కంకులన్నీ ఎర్రనీళ్ళయి వాకిలి వాలున మడిలోకి పోతున్నాయి. రెండు చేతులూ గోడకి ఆనించి ఆపబోయాను. వేళ్ళ సందుల్లోంచి పోయింది. తర్వాత నేను గోడకి ఆనుకునే తడుస్తూ ఉండిపోయాను. బాధ ఒక్కటే అని చెబితే అబద్ధం. నేల వాసన వేస్తోంది, ఊరంతా పాడుతోంది.

నేను ముట్టుకోలేదు నాన్నా. నీ మీద ఒట్టు. మాఫెతెంగ్ నుంచి వచ్చిన రోజున అలసిపోయి చూడలేదు, ఆ తర్వాత కూడా, నిజం చెప్పనా, కోపంతో ఆ గోడవైపే వెళ్ళలేదు. తప్పు ఉంటే అదొక్కటే. ఒక తీగ తెగి వాసానికి వేలాడుతోంది. మిగతా మూడూ కనిపించనే లేదు. గాలికి ఎటు కొట్టుకుపోయాయో అని వెతుకుతుంటే మేనత్త "గాలికి చేతులుంటాయే" అని లోపలికి పోయింది. ఈ మధ్య ఆవిడ తీరే అంతుపట్టడం లేదు. టీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకుంటోంది. ఎక్కడిదంటే దేవుడిచ్చాడంటుంది. ఊళ్ళో ఎవరిని పలకరించినా ముసిముసి నవ్వులు. మగపిల్లలకి ఎక్కడిదో కొత్త తీగచుట్ట దొరికింది, తళతళలాడే కార్లు చేస్తున్నారు. అడిగితే ఒకడి వెనక ఒకడు దాక్కుంటున్నాడు.

సోమవారం ఆడవాళ్ళు జొన్న బీరు కాచి బడికి తెచ్చారు. మాన్పించిన పిల్లల్ని చెవి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ఊరిపెద్ద భార్య నా తల మీద చెయ్యి పెట్టి "మీ అమ్మకి మేం రుణపడ్డాం" అంది. నేను తలవంచుకుని నిలబడ్డాను. వాళ్ళ కృతజ్ఞత తీసుకోవడానికి నాకు హక్కు లేదనిపించింది. అమ్మ గోడ ఇచ్చింది నేను కాదు, నువ్వూ కాదు. గాలి లాక్కుపోయింది.

గుమ్మడి గింజలు ఆ మడిలోనే నాటాను.

నన్ను తిట్టు. కానీ క్రిస్మస్‌కి రా.

నీ కూతురు,
పుసే


వెల్కమ్
8 డిసెంబరు

నా చిట్టితల్లి పుసేకి,

ముందు నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం సంగతి తేల్చాలి. "గౌరవనీయులైన నాన్నగారికి" అట! అంతా "మీరు, మీరు" అట! అది చదివి, గనుల శాఖ నుంచి నోటీసేమో అని మొయెకెత్సి భయపడ్డాడు. ఇంకెప్పుడూ అలా రాయకు. తిట్టాలంటే తిట్టు, నువ్వు అనే తిట్టు.

అది నేను తిరిగొచ్చాక అందింది. ఎక్కణ్ణుంచి తిరిగొచ్చాకంటావా? ఊరి నుంచి.

నీకు రేకు తీయొద్దని రాశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తీసేస్తావని భయం. మీ అమ్మ కూతురివి, ఊఁ అని తలూపి నీకు తోచిందే చేస్తావు. వారాంతానికి సెలవు అడిగి, కొత్త తీగచుట్ట, పట్టకారు సంచీలో వేసుకుని శుక్రవారం బస్సెక్కాను. ఇంకా గట్టిగా బిగిద్దామని. చూశావా, మీ నాన్న ఎంత ఘనుడో.

శనివారం పొద్దున్న మీ మేనత్త తలుపు తీసి, "నన్ను చూడ్డానికొచ్చావా? కాదులే, గోడని చూడ్డానికొచ్చుంటావు" అంది. నువ్వు పిల్లలతో వెళ్ళావని చెప్పింది. నేను తిన్నగా రేకు కిందికి వెళ్ళాను. తీగ బిగించబోయి వాసం మీద ఒక్క దెబ్బ వేశాను, గోడ మీంచి ఒక కంకి రాలి నా బూటు మీద పడింది. పొడి అయిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే గోడంతా బీటలే. నాలుగేళ్ళుగా వాన నుంచి కాపాడాను గానీ ఎండ నుంచి, గాలి నుంచి, కందిరీగల నుంచి ఎవరు కాపాడారు? ప్రతి క్రిస్మస్‌కి చూస్తూనే ఉన్నాను, చూడనట్టు ఉన్నాను.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, అందుకని నీ మీద తెచ్చుకుని బడి దగ్గరికి నడిచాను. అక్కడ ఒక పిల్ల, మోచేతుల దాకా పేడ. వెనక్కి తిరక్కుండానే "వెలుతురుకి అడ్డం నిలబడకండి" అంది. నేను జరిగాను.

"ఎవరు మీరు?" అంది.

"మీ టీచరు నాన్నని."

అప్పుడు తిరిగి చూసింది, కింది నుంచి పైదాకా. "ఆ టోపీ మీదేనా?"

"నాదే."

"మరి మీ నెత్తిన పెట్టుకోవచ్చుగా! గోడకెందుకూ?"

పుసే, నేను సూపర్‌వైజరుకి ఎదురు చెప్పిన మనిషిని, దాని ముందు నెత్తి గోక్కున్నాను. అది నా జవాబు కోసం ఆగలేదు కూడా. డబ్బా నా చేతికిచ్చి "ఊరికే నిలబడే బదులు నీళ్ళు తెండి, మట్టి ఆరిపోతోంది" అంది. ఊటబావి దగ్గర ఆడవాళ్ళ బారులో నిలబడ్డాను. ఎంత నవ్వారని! తెచ్చాక పేడ కూడా నా చేతే కలిపించింది. పలచగా కలిపానని తిట్టింది.

తర్వాత అది గోడ దున్నింది. ఎడమ చెయ్యి. నాలుగు వేళ్ళు ఆనించి, మణికట్టు లోపలికి తిప్పి, చివర్లో బొటనవేలు ఎత్తేసింది. మీ అమ్మ అలాగే ఎత్తేది. అది రేకు కింద గోడలో కనిపించదు. ఆ ఎత్తడం నేను నాలుగేళ్ళలో మరిచిపోయాను. గోడని కాపాడుకున్నాను, చెయ్యిని మరిచిపోయాను. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పిల్ల కాసేపటికి నా పక్కనొచ్చి కూర్చుని, తన అమ్మమ్మ కోసం దాచిన ఉడికించిన మక్కజొన్న గింజల్లో సగం నాకు పెట్టింది.

"నీకెవరు నేర్పారు?" అన్నాను.

"టీచరు."

"మా అమ్మాయికి రాదే ఇది!"

"రాదు. అందుకే మీ గోడ దగ్గరికి పంపింది. స్కేలుతో కొట్టలేదు" అంది.

పుసే, ఆ మాట నేను మళ్ళీ మళ్ళీ తలుచుకుంటున్నాను. నీ చేతికి రాని పనిని దాని చేతిలోకి నువ్వు పంపావు. ఎలాగో నాకు తెలియదు. అందుకోసం కాలేజీకి పంపాల్సొస్తే, నేను భూమిలోకి దిగిన ప్రతి రోజుకీ ఇదే నాకు జీతం. సంతోషం తల్లీ. పేడ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొయెకెత్సి మాట మాత్రం బాగుంది, దాన్ని ఉంచుకుంటాను.

ఆదివారం తెల్లవారి పట్టకారు తీసుకుని రేకు దగ్గరికి వెళ్ళాను. మూడు తీగలు కత్తిరించి సంచీలో వేసుకున్నాను. నాలుగోదాని దగ్గర చెయ్యి రాలేదు. పట్టకారు పెడతాను, తీస్తాను. మీ మేనత్త గుమ్మంలో నిలబడి చూసింది, ఒక్క ముక్క మాట్లాడలేదు. జీవితంలో అదే మొదటిసారి. చివరికి ఆ ఒక్కటీ వానకి వదిలేశాను. నీకు చెప్పొద్దని మీ మేనత్త దగ్గర చక్కెర పొట్లంతో మాట తీసుకున్నాను, కొత్త తీగచుట్ట ఊళ్ళో మిగిలిన పిల్లలకిచ్చి వాళ్ళ దగ్గరా తీసుకున్నాను. ఊరు మొత్తం కడుపులో మాట దాచుకోవడం మన ఊరి చరిత్రలో లేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. వానకి ముందే నీకు రాసి ఉండాల్సింది. కలం పట్టుకుంటే నాలుగో తీగ దగ్గరలాగే అయింది.

కాబట్టి ఆడవాళ్ళ కృతజ్ఞత తలెత్తి తీసుకో. గాలి లాక్కుపోలేదు. మూడు వంతులు నేనిచ్చాను. నాలుగో వంతు వాన నన్ను అడిగి తీసుకుంది. నీ ఉత్తరంలో కంకులు మడిలోకి పారాయని చదివి, దీపం ఆర్పాక అలవాటుగా గోడ వెంట నడుద్దామని కళ్ళు మూసుకున్నాను. ఆ బొటనవేలు కనిపించింది. హాయిగా నిద్ర పట్టేసింది, మొయెకెత్సి లేపితే గానీ లేవలేదు.

ఇరవై రెండుకి వస్తున్నాను. ఇల్లలకగానే పండగ కాదంటారు గానీ, ఈసారి నాకు అదే పండగ. గోడ నేనొచ్చేదాకా అలకొద్దు. మట్టి నేను కలుపుతాను, చిక్కగా. కెనేవెని, దాని అమ్మమ్మని పండక్కి మనింటికి పిలువు. గోడ దాని ఇష్టం, ఎటు వాల్చుకుంటుందో వాల్చుకోనీ. మగవాడు పేడ కలుపుతున్నాడని నవ్వదలుచుకున్నవాళ్ళు వరసలో నిలబడి నవ్వొచ్చు.

ఆ తీగ పిల్లల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోకు.

రేకు కోళ్ళగూటి మీద వేయించు. కోళ్ళకి తడవడం ఇష్టముండదు.

నీ
నాన్న